భూతద్దం తప్పుల చీటీ

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. మొదట్లో వెనకాల అనేవారు. తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. చివరికి జీతాలిచ్చే గుమాస్తా అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమెకే వెంటనే అందేది కాదు. కోపం రాలేదా అంటే, మొదటి ఏడాది వచ్చింది. రెండో ఏడాదికి అలవాటైంది. మూడో ఏడాదికి కాస్త గర్వం కూడా పుట్టింది. ఆమె కంట పడకుండా ఒక్క వంకర కుట్టు ఆ గేటు దాటడం ఎంత కష్టమో అక్కడ మిషను మీద కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు మరి.

ఆమె పని చెకింగు. ఇరవై నాలుగేళ్ళు ఒకే బల్ల, ఒకే కిటికీ. కుట్టడం పూర్తయిన చొక్కా బల్ల మీదికి వస్తుంది. కాలరుతో మొదలుపెట్టి భుజాలు, చంకలు, చేతులు, కాజాలు, బొత్తాలు, జేబు, కింది అంచు. ఆ తరవాత చొక్కాని తిరగేసి లోపలి వైపు మళ్ళీ మొదటి నుంచి. కళ్ళతో చూసేది సగమే, మిగతా సగం వేళ్ళు చూసేవి. ట్యూబులైటు కింద ఒకే రంగులా కనిపించిన రెండు చేతులు ఎండలో రెండు రంగులుగా తేలిపోతాయని, ప్రతి చొక్కానీ ఒకసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళేది. సూపర్‌వైజరు తల పట్టుకునేవాడు.

ప్రతి చొక్కాకీ ఒక చీటీ ఉండేది. పైన చొక్కా నంబరు, కింద చెకింగు చేసిన మనిషి సంతకం, మధ్యలో ఒకే ఒక్క గడి. ఆ గడి పేరు ‘తప్పులు’. చొక్కా బాగుందని రాయడానికి ఆ చీటీలో చోటే లేదు. బాగుంటే గడి ఖాళీగా వదిలేసి సంతకం చెయ్యాలి, అంతే. ఆ ఫ్యాక్టరీలో ఖాళీ చీటీని మించిన మెచ్చుకోలు లేదు. మిషన్ల మీది ఆడవాళ్ళు సాయంత్రం చేతిసంచులు భుజాన వేసుకుంటూ "ఇవాళ నాకెన్ని ఖాళీలు ఇచ్చావే భూతద్దం?" అని అడిగి మరీ వెళ్ళేవారు.

ఈ అలవాటు ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోతే బాగుండేది. అది ఆమె వెంట ఇంటికి కూడా వచ్చింది. ఆమె మొగుడు గోడలకి రంగులు వేసే మేస్త్రి. పెళ్ళైన కొత్తలో, తాను రంగులు వేసిన కొత్త ఇల్లు చూపిద్దామని ముచ్చటపడి తీసుకెళ్ళాడు. ఆమె గదులన్నీ తిరిగింది. ఒక మూల దగ్గర ఆగి, గోడ మీద వేలు పెట్టి, "ఇక్కడ బ్రష్షు వెంట్రుక అంటుకుపోయింది చూశారా?" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆయన ఆ పూట అన్నం ముట్టుకోలేదు. మిగతా గోడలన్నిటి గురించీ ఆమె నోరు మెదపకపోవడమే పొగడ్త అని అర్థం చేసుకోవడానికి పాపం ఆయనకి పదేళ్ళు పట్టింది.

అలాంటి మనిషికి నలభై తొమ్మిదో ఏట ఉద్యోగం పోయింది. ఒక సోమవారం పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం, తాళం పక్కన కాగితం. యజమానులు పనిని ఇంకో ఊరికి మార్చుకున్నారట. కాగితం చుట్టూ జనం గుమిగూడి ఎవరికి తోచింది వాళ్ళు అంటున్నారు. భూతద్దం మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "తేదీ వెయ్యలేదు" అంది. పక్కనున్న ఆవిడ ఏడుస్తున్నదల్లా నవ్వేసింది.

ఇంట్లో మేస్త్రి అప్పటికే రెండేళ్ళుగా చేతికర్రతో నడుస్తున్నాడు. నిచ్చెన జారి తుంటి విరిగిన దగ్గర్నుంచి ఆయన రంగుల డబ్బాలు మెట్ల కింద బూజు పట్టిపోయాయి. ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే. పైగా ఆ ఇంటి అద్దె ఒప్పందం నాలుగు నెలల్లో ముగిసిపోతుంది. కొత్త ఒప్పందం రాయాలంటే ఇంటి యజమాని ముందుగా అడిగేది ఒకటే, పని చేసే చోటి నుంచి ఉత్తరం. ఉత్తరం లేకపోతే ఇల్లు లేదు. ఇల్లు లేకపోతే మేస్త్రి అక్క ఇంటి వెనక గదికి పోవాలి.

ఆ వదినగారు చాలా మంచి మనిషి. ఈ కబురు తెలిసిన మర్నాడే ఫోను చేసి, "నా తమ్ముడు, నా మరదలు నాకు బరువా? గది కడిగించి ఉంచుతాను, వచ్చెయ్యండి" అంది. కర్టెన్లు కూడా కుట్టించింది. చెడ్డ మనిషైతే భూతద్దానికి అంత భయం ఉండేది కాదు. అంత మంచి మనిషి పెట్టింది తింటూ, ఆవిడ ఇంట్లో ఉంటూ, కర్టెను అంచు వంకరగా ఉందని ఎలా చెబుతుంది? తప్పు కనిపిస్తే చెప్పకుండా బతకడం ఎలాగో ఈవిడకి తెలియదు.

అప్పుడు కూతురు రంగంలోకి దిగింది. కూతురు అదే ఊళ్ళో రెండు వీధుల అవతల కాపురం ఉంటుంది, ఫోన్ల దుకాణంలో పని. తల్లి మెతకదని, లోకం తెలియదని ఆ పిల్ల గట్టి నమ్మకం.

"అమ్మా, ఇప్పుడు ఫ్యాక్టరీల గేట్ల చుట్టూ తిరిగితే ఎవరూ ఉద్యోగాలివ్వరు. వెబ్‌సైటు ఉంది. పని కావాల్సినవాళ్ళ వివరాలు, మనుషులు కావాల్సినవాళ్ళ వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. ఎవరికి ఎవరు సరిపోతారో అదే కలుపుతుంది. నీ ప్రొఫైలు నేను రాసి పెడతాగా!"

రాసి పెట్టింది. పావుగంటలో అయిపోయింది. ‘కష్టపడే తత్వం, నిజాయితీ, నలుగురితో కలిసిపోయే గుణం, కొత్త విషయాలు నేర్చుకోవాలన్న ఉత్సాహం, ఎప్పుడూ చిరునవ్వు.’ అది చదివి మేస్త్రి, "ఎవరే ఈవిడ? మనకి తెలిసినావిడేనా?" అన్నాడు.

వెబ్‌సైటు మాత్రం నమ్మేసింది. రోజుకో సందేశం పంపేది. ‘మీకు నూటికి తొంభై రెండు పాళ్ళు సరిపోయే ఉద్యోగం!’ అని. ఒకరోజు మోటారు సైకిలు మీద పార్సిళ్ళు ఇచ్చే పని. ఒకరోజు వ్యాయామశాలలో శిక్షణ ఇచ్చే పని. ఇంకోరోజు క్రేను నడిపే పని. కష్టపడే తత్వం, నిజాయితీ, చిరునవ్వు ఎవరికి అక్కర్లేదు కనుక? దాని తప్పేముంది, దానికి చెప్పింది అంతే కదా.

"ఏమేవ్, క్రేను ఎక్కుతావేమిటి కొంపదీసి?" అన్నాడు మేస్త్రి. "నిచ్చెన ఎక్కితేనే నా గతి ఇలా అయింది."

ఆమె నవ్వింది గానీ లోలోపల కుంగిపోతోంది. బట్టలు కుట్టే కంపెనీలు మూడింటికి ఆ వెబ్‌సైటు ద్వారానే దరఖాస్తు పెట్టించింది. మూడు చోట్ల నుంచీ ‘మీ వివరాలు అందాయి, ధన్యవాదాలు’ అని ఒకేలాంటి జవాబు వచ్చింది. ఆ తరవాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండు నెలలు అలా గడిచిపోయాయి.

ఒకరోజు మేస్త్రికి పత్రికలు తెద్దామని గ్రంథాలయానికి వెళ్తే, తలుపు మీద కాగితం కనిపించింది. వారానికి మూడు రోజులు పొద్దుటిపూట కంప్యూటరు దరఖాస్తులు ఉచితంగా నింపి పెడతారట. లోపల కిటికీ పక్కన, మోచేతుల దగ్గర అరిగిన కోటు వేసుకుని, వీపు నిటారుగా పెట్టి ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఆయనకి సొంతంగా టైపు నేర్పే బడి ఉండేది. ముప్పై మిషన్లు ఒకేసారి టకటకలాడేవి. కంప్యూటర్లు వచ్చాయి, బడి మూతపడింది, మిషన్లు పాతసామాను వాడికి పోయాయి. ఆయన మాత్రం కంప్యూటరు మీద కోపం పెట్టుకోకుండా దాని ముందే వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో అందరికీ ఆయన టైపు మాస్టారే.

టైపు మాస్టారికి ఒక నియమం ఉంది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. ఒక కామా కలపకూడదు, ఒక చుక్క తీయకూడదు. రాసినవాడు తప్పు రాస్తే ఆ తప్పుతోనే కొట్టాలి. సొంత తెలివి చూపించిన విద్యార్థిని బడి నుంచి ఇంటికి పంపేసేవాడట. నలభై ఏళ్ళలో ఒక్క అక్షరం కూడా తనది కలపలేదని ఆయనే చెప్పుకునేవాడు.

భూతద్దం ఎదుటి కుర్చీలో కూర్చుని విషయం చెప్పింది. ఆయన కూతురు రాసిన ప్రొఫైలు తెరిచి, గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాడు. ఎప్పుడూ చిరునవ్వు అన్న చోట ఒకసారి తలెత్తి ఆమె వంక చూశాడు. ఆమె నవ్వడం లేదు.

"ఇది నేను కాదండి మాస్టారూ."

"మరి తీసేద్దామా అమ్మా?"

"తీసెయ్యండి."

తీసేశాడు. తెర మీద తెల్లటి గడి మిగిలింది. దాని పైన ‘మీ పని గురించి మీ మాటల్లో రాయండి’ అని ఉంది.

"ఏం కొట్టమంటారు?"

"ఏమీ వద్దు. ఖాళీగా వదిలెయ్యండి" అంది ఆమె. అలా అనడంలో ఆమెకి ఏ మొండితనమూ లేదు. ఇరవై నాలుగేళ్ళ లెక్కలో ఖాళీ అంటే అంతా సవ్యంగా ఉన్నట్టు.

"కుదరదమ్మా. పక్కన ఎర్ర నక్షత్రం ఉంది చూడండి. ఈ గడి నింపకపోతే ముందుకి పోనివ్వదు."

ఆమె ఆ నక్షత్రం వంక కాసేపు చూసింది. గడి ఖాళీగా వదలకూడదంటే దానర్థం ఒకటే. తప్పులు రాయమంటున్నారు. అడిగే హక్కు వాళ్ళకుంది, ఇప్పుడు వాళ్ళ బల్ల మీదికి వెళ్ళే చొక్కా తనే కదా.

"సరే, రాసుకోండి" అంది నిట్టూర్చి.

ఇంకెవరైనా అయితే ఆ గడిలో గొప్పలు చెప్పుకునేవారు. ఇంకెవరైనా టైపు చేసేవాడైతే "ఇవెందుకమ్మా?" అని ఆపేవాడు. ఆ పొద్దున ఆ బల్లకి ఇటూ అటూ కూర్చున్నవాళ్ళు మాత్రం వీళ్ళిద్దరే. ఆమె చెబుతూ పోయింది, ఆయన కొడుతూ పోయాడు.

చేరిన మొదటి ఏడాది ఎడమ జేబు అర వేలు కిందకి జారిన చొక్కాలు పదకొండు వదిలేశాను. కాలరు ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి ఉన్నది ఒకటి వదిలేశాను, ఆ రోజు అమ్మాయికి జ్వరం. వానాకాలంలో మబ్బు పట్టి కిటికీలో వెలుగు లేనప్పుడు రెండు రంగుల చేతులున్న చొక్కాలు ఒక కట్ట పోయాయి, అప్పటి నుంచి మబ్బు రోజుల్లో గుమ్మం బయటికి తీసుకెళ్ళి చూస్తాను. కాజా చివర కుట్టు ఊడేలా ఉంటే గోటితో లాగి చూడాలి, మూడో ఏడాది దాకా ఆ సంగతి తెలియదు, ఆ లోపు ఎన్ని పోయాయో చెప్పలేను.

అక్కడ ఆగింది. మాస్టారి వేళ్ళు కూడా ఆగి ఎదురుచూశాయి.

"ఇంకోటి ఉందండి. పసిపిల్లల బట్టలు మా దగ్గరికి ఒక్కసారే వచ్చాయి. చేతి తొడుగులు, ఇంతింత. పుట్టిన బిడ్డలు మొహం గీరుకోకుండా వేస్తారు చూడండి, అవి. ఒక తొడుగు లోపల దారం కత్తిరించకుండా వదిలేశాను. ఇంటికెళ్ళి గిన్నెలు కడుగుతుంటే నా వేళ్ళకి గుర్తొచ్చింది. ఏదో తగిలినట్టు తగిలిందే, నేను చూడకుండా పక్కన పెట్టేశానే అని. పొద్దున్నే తాళం తీసేవాడి కంటే ముందు వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. కట్టిన పెట్టెలన్నీ విప్పించాను. అందరూ నన్ను తిట్టిపోశారు. సాయంత్రానికి దొరికింది."

"ఇది కూడా కొట్టమంటారా?"

"కొట్టండి. వదిలేసింది నేనేగా."

ఆయన కొట్టాడు. పాస్‌వర్డు కొత్తది పెట్టి తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆమె దణ్ణం పెట్టి, బరువు దించుకున్న మనిషిలా తేలిగ్గా బయటికి వచ్చింది.

ఆ తేలిక నెలన్నరకి మించి నిలవలేదు. ఒప్పందం ముగియడానికి పది రోజులుందనగా, అమ్మకి ఎక్కడి నుంచీ కబురు రావడం లేదేమిటా అని కూతురు దుకాణంలో ఖాళీగా ఉన్నప్పుడు ఆ ప్రొఫైలు తెరిచింది. చదివింది. అక్కడే కౌంటరు వెనక కూలబడింది. సాయంత్రం చెప్పులైనా విప్పకుండా ఇంట్లోకి వచ్చి పడింది.

"అమ్మా! నీ తప్పులన్నీ వరసపెట్టి ఊరంతా చూసేలా రాసుకున్నావా? ఎవరైనా ఇస్తారా ఉద్యోగం? ఎవరిస్తారు చెప్పు!"

"అడిగారే. ఎర్ర నక్షత్రం ఉంది."

"నక్షత్రం లేదు, నా తలకాయ లేదు! ఆ మాస్టారికైనా బుద్ధుండక్కర్లేదా?"

"మాస్టార్ని ఏమీ అనకు. ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టారు."

కూతురు అప్పటికప్పుడే ఫోనులో మార్చేద్దామని చూసింది. పాస్‌వర్డు లేదు. అది మాస్టారి నోటుపుస్తకంలో ఉంది, గ్రంథాలయమేమో రంగులు వేయిస్తున్నారని రెండు వారాలు మూసేశారు. "ఎవరు వేస్తున్నారో, రంగుకి ముందు అస్తరు పూత సరిగ్గా పెడుతున్నారో లేదో" అన్నాడు మేస్త్రి. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి ఆయన వంక కొరకొరా చూసేసరికి పత్రిక అడ్డం పెట్టుకున్నాడు.

కూతురు వెళ్ళిపోయాక భూతద్దం మంచం అంచున చాలాసేపు కూర్చుంది. చేతులారా పాడుచేసుకున్నానా అన్న అనుమానం మొదటిసారి వచ్చింది. మర్నాటి నుంచి గిన్నెలు, దుప్పట్లు పాత పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. ఒప్పందం శనివారంతో ముగుస్తుంది. ఆదివారం పొద్దున బండి పంపిస్తానని వదినగారు కబురు చేసింది.

బుధవారం మధ్యాహ్నం, ఆమె ఒక పెట్టెకి తాడు బిగిస్తుండగా ఫోను మోగింది. తెలియని ఆడగొంతు.

"అమ్మా, చేతి తొడుగులో దారం వదిలేసింది మీరేనా?"

ఆమె ఇన్నేళ్ళ తరవాత ఎవరో పట్టుకున్నారనుకుంది. తాడు వదిలేసి, "నేనేనండి" అంది. "కానీ దొరికిందండి, తీసేశాను."

"తెలుసు, చదివాను. రేపు ఒకసారి మా దగ్గరికి రాగలరా?"

ఆ ఆడగొంతు ఒక చిన్న కుట్టు కేంద్రం యజమానురాలిది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కోసం ఆసుపత్రులకి బట్టలు కుట్టి పంపుతారు అక్కడ. గురువారం పొద్దున భూతద్దం బస్సు దిగి, మెట్లెక్కి, పై అంతస్తులో తెల్లటి గదిలోకి వెళ్ళేసరికి పన్నెండు మిషన్లు మెల్లగా తిరుగుతున్నాయి. బల్లల మీద అరచేతిలో పట్టే చొక్కాలు, బత్తాయికి తొడిగేలా ఉండే టోపీలు. ఇంత చిన్నవాటిలో తప్పు ఎంత పెద్దదో ఆమె వేళ్ళకి తెలుసు.

యజమానురాలికి ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళ కింద నలుపు.

"దాచకుండా చెబుతానమ్మా" అంది. "రెండు నెలల కిందట మా తొడుగు ఒకదాంట్లో దారం ఒక బిడ్డ వేలికి చుట్టుకుపోయింది. నర్సు చూసింది కాబట్టి సరిపోయింది. వేలు దక్కింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించట్లేదు. మంచి చెకింగు మనిషి కోసం ఆ వెబ్‌సైటులో అరవై ప్రొఫైళ్ళు చదివాను. అందరూ కష్టపడేవాళ్ళే, అందరూ నిజాయితీపరులే. నూటికి తొంభై పాళ్ళు సరిపోతారని అది చెబుతూనే ఉంది. ఎవర్ని నమ్మను? చివరికి విసుగొచ్చి, వెతికే గడిలో నా భయమే రాసేశాను. తొడుగు లోపల దారం అని. ఒక్కటంటే ఒక్కటే వచ్చింది. మీది."

భూతద్దానికి అప్పుడు అర్థమైంది. ఆ గడిలో ఆవిడ తన భయం రాసింది, ఈ గడిలో తాను తన తప్పు రాసింది, మధ్యలో ఆ యంత్రం రెంటినీ పక్కపక్కన పెట్టింది. క్రేను నడపమన్న యంత్రమే. దాన్ని తిట్టుకున్న తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకుంది.

"చివర్లో ఉన్న గమనిక చూసి ఇంక ఆగలేకపోయాను" అంది యజమానురాలు.

"గమనికేమిటండి? నేనేం చెప్పలేదే."

యజమానురాలు కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పింది. తప్పులన్నీ అయిపోయాక, ఒక గీత కొట్టి, కింద రెండు వాక్యాలు ఉన్నాయి. ‘గమనిక: పై తప్పుల్లో ఏ ఒక్కటీ వేరొకరు పట్టుకున్నది కాదు. అన్నీ ఆవిడే చెప్పారు. ఇట్లు, టైపు చేసినవారు.’

నలభై ఏళ్ళలో ఒక్క కామా కూడా కలపని మనిషి. భూతద్దం ఆ వాక్యాలు మూడుసార్లు చదివింది. కూతురు తిట్టినప్పుడు రాని కన్నీళ్ళు, పెట్టెలు సర్దుతున్నప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి. బట్టల మీద పడకుండా బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

పరీక్ష కూడా జరిగింది. యజమానురాలు ఇరవై తొడుగులున్న గిన్నె ముందు పెట్టింది. భూతద్దం గిన్నె తీసుకుని నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. ఒక్కొక్క తొడుగే తిరగేసి, చిటికెన వేలు లోపల పెట్టి మెల్లగా తిప్పింది. ఏడోది పక్కన పెట్టింది. పదహారోది పక్కన పెట్టింది.

"దారం ఉన్నది ఒకటే కదా పెట్టాను నేను" అంది యజమానురాలు.

"రెండోది మీరు పెట్టింది కాదండి."

యజమానురాలు ఆ తొడుగు చేతిలోకి తీసుకుని, లోపలి దారం చూసి, పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. అది ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాల్సిన కట్టలోంచి తీసింది.

"సోమవారం నుంచి వస్తారా అమ్మా?" అంది.

"వస్తానండి. కానీ చెకింగు బల్ల కిటికీ కిందకి జరపాలి. చీటీలు కూడా కావాలి. మా పాత ఫ్యాక్టరీవి కొన్ని నా సంచిలో ఉన్నాయి, అవి చూసి అచ్చు వేయిస్తే సరిపోతుంది." అక్కడితో ఆగకుండా, "మా ఇంటి యజమానికి ఉత్తరం కూడా ఇవాళే కావాలండి" అంది. ఉత్తరం అక్కడికక్కడే చేతికి వచ్చింది. కింద తేదీ ఉందో లేదో చూసుకుని మరీ మడత పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో సందడి చెప్పనలవి కాదు. కూతురు తల్లిని వాటేసుకుని ఏడ్చి, ఆ వెంటనే "నేను రాసిందైతే ఇంకా తొందరగా వచ్చేది" అని గొణిగింది. మేస్త్రి సర్దిన పెట్టెల తాళ్ళు తనే కూర్చుని ఒక్కొక్కటిగా విప్పాడు. వదినగారు ఫోనులో "పోనీలే, కర్టెన్లు ఉంటాయి, ఎప్పుడైనా వచ్చి నాలుగు రోజులు ఉండండి" అంది మనస్ఫూర్తిగా. భూతద్దం ఆవిడకి పదే పదే ధన్యవాదాలు చెప్పింది. తన కోసం ఒక గది కడిగించి పెట్టిన మనిషి ఉండడం ఎంత అదృష్టమో, ఆ గదికి పోనక్కర్లేదని తేలాకే ఆమెకి తెలిసొచ్చింది.

గ్రంథాలయం తెరిచిన రోజు ఆమె పనికి గంట ఆలస్యంగా వస్తానని ముందే చెప్పి వెళ్ళింది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. మాస్టారు కిటికీ పక్కన అదే కుర్చీలో నిటారుగా ఉన్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మూసి ఉన్నప్పుడు మీ అమ్మాయి వచ్చి నా కోసం అడిగి వెళ్ళిందటగా. మీరొస్తారని అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు, తప్పు చేసి దొరికిపోయిన వాడిలా. "చెప్పనిది కొట్టానమ్మా. మీరు లేచి వెళ్ళిపోయాక చేతులు ఊరుకోలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు. మీకు నష్టం జరిగి ఉంటే క్షమించండి. చెప్పండి, నా తప్పు ఏదైనా ఉంటే చెప్పండి."

ఆమె ఏదో చెప్పబోయింది. ఉద్యోగం వచ్చింది, ఇల్లు దక్కింది, మీ రెండు వాక్యాలే నన్ను నిలబెట్టాయి, ఈ మేలు బతికినన్నాళ్ళూ మర్చిపోను అని దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చింది. మెచ్చుకోలుగా ఒక్క ముక్క పలకడం అలవాటు లేని నోరు, సమయానికి మొరాయించింది. సంచిలో చెయ్యి పెట్టి పాత ఫ్యాక్టరీ చీటీ ఒకటి తీసింది. పై గీత మీద ‘టైపు’ అని రాసింది. కింద సంతకం చేసింది. ఆయన చేతికిచ్చింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చీటీ చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"తప్పులు అని ఉంది. ఇక్కడ ఏమీ రాయలేదేమిటమ్మా?"

"లేవండి" అంది భూతద్దం.